కువైట్ అక్కగారి ఫ్యాను

ఆవిడ కంప్యూటర్‌కి జ్వరం చూసేవారు. చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ కణుపులు సీపీయూ డబ్బాకి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని నిలబడేవారు. తర్వాత నా వంక తిరిగి, "ఒళ్ళు కాలిపోతోందండి తమ్ముడుగారూ" అనేవారు. నేను స్క్రూడ్రైవర్ కోసం సంచీలో చెయ్యి పెట్టేవాణ్ణి.

మొన్న మా వాడు తన కంప్యూటర్‌కి విడిగా పెద్ద కూలర్ ఒకటి కొని తెచ్చుకుని, హాల్లో నేలమీద అన్నీ పరుచుకు కూర్చున్నాడు. కంపెనీ ఇచ్చిన ఫ్యాను వాడి ఆటలకి చాలదట. చాలాసేపు కుస్తీ పట్టి, "నాన్నా, ఒక పక్క బిగిస్తే ఇంకో పక్క లేస్తోంది, కాస్త వచ్చి నొక్కిపట్టు" అని కేకేశాడు. వెళ్ళి పట్టుకున్నాను. రాగిరేకుల అంచు అరచేతికి తగిలేసరికి నాకు ఆవిడ గుర్తొచ్చారు. నొక్కడం మరిచిపోయాను. "నువ్వు నొక్కట్లేదు, ఊరికే పట్టుకున్నావు" అని వాడు విసుక్కున్నాడు. వాడు నన్ను విసుక్కుంటుంటే ఎంతో బాగుందని, అందుకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయని వాడికెలా చెప్పను? ఏదో నలక పడిందని లేచి వచ్చేశాను.

నాది పల్నాడు. మా ఊళ్ళో ప్రేమొచ్చినా "ఏందిరా" అనే అంటారు, కోపమొచ్చినా "ఏందిరా" అనే అంటారు. అలాంటివాణ్ణి, రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడానికి అమలాపురం వచ్చి పడ్డాను. బస్సు దిగగానే రిక్షా అతను "దయచెయ్యండి, తమరెక్కడికండీ" అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని కస్సుమన్నాను. అతను "ఆయ్, అలాగేనండి" అని నా పెట్టె ఎత్తి రిక్షాలో పెట్టుకున్నాడు. అక్కడివాళ్ళతో దెబ్బలాట కూడా సాగదు. తిట్టుకి కూడా చివర ఒక అండీ తగిలిస్తే ఇక మనం ఏమని అందుకుంటాం?

ఆ "ఆయ్" అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. అది అవును అనీ కాదు, కాదు అనీ కాదు. మీరు చెబుతున్నారు, నేను వింటున్నాను, మీ మాట మీద నాకు గౌరవం ఉంది అని మాత్రమే. మా విద్యార్థులు పాఠం ముక్క కూడా అర్థం కాకపోయినా "ఆయ్" అనేవారు. నేను అర్థమైందనుకుని ముందుకి పోయేవాణ్ణి.

పాఠాలు అయ్యాక సాయంత్రాలు కంప్యూటర్లు బాగుచేస్తూ తిరిగేవాణ్ణి. అలా పరిచయమయ్యారు ఆవిడ. గడియారస్తంభం వెనక సందులో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నారు. పేరు బోర్డు మీద ఏదో ఇంగ్లీషులో ఉండేది గాని ఊళ్ళో అందరికీ అది కువైట్ అక్కగారి కొట్టు. భర్త పోయాక, పాలు మరిచీ మరవని కూతుర్ని తన తల్లి చేతుల్లో పెట్టి, ఇంటిపనికి కువైట్ వెళ్ళి, కూతురు ఐదో తరగతికి వచ్చాక తిరిగొచ్చారు. వచ్చీ రాగానే అందరిలాగా ఇల్లు కట్టలేదు, కొబ్బరితోట కొనలేదు. కంప్యూటర్లు కొన్నారు. చుట్టాలు నవ్వారట. "మడతమంచం కొనుక్కున్నా మధ్యాహ్నం పడుకునేదానివి కదే" అన్నారట.

ఆవిడ ఎప్పుడూ నిలబడే ఉండేవారు. నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకి ఒక భుజం ఆనించి నిలబడటమే. అన్నం కూడా గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి తినేవారు. "కూర్చోండక్కగారూ" అంటే, "ఆయ్" అని, అక్కడే నిలబడేవారు. కంప్యూటర్ తెరుచుకోవడం ఆలస్యమైతే "యల్లా, యల్లా" అని దాన్ని తొందరపెట్టేవారు. పని పూర్తయితే రెండు చేతులూ దులిపి "ఖలాస్" అనేవారు. అరబ్బీలో ఆవిడకి మిగిలినవి ఆ రెండు మాటలే అనుకుంటాను. ఎందుకంటే కువైట్ కబుర్లు చెప్పమంటే చెప్పేవారు కాదు. "ఏవుంటాయండీ, ఇల్లు తుడిచేనండి, వాళ్ళ పిల్లల్ని పెంచేనండి" అని ఊరుకునేవారు.

కొట్లో పిల్లలు పరీక్షల ఫలితాలు చూసుకునే మిషన్లు కొన్ని ఉండేవి. వాటిని ఆవిడ పట్టించుకునేవారు కాదు. వెనక ప్లైవుడ్ గదిలో, పూలకర్టెన్ వెనక, కెమెరా ఉన్న మిషను ఒకటుండేది. ఆవిడ ప్రాణం దానిమీదే. శుక్రవారం కువైట్‌లో సెలవు దొరికిన ఆడవాళ్ళు అక్కడ ఏ నెట్ సెంటర్‌కో వచ్చి కూర్చునేవారు. ఇక్కడ రాజోలు నుంచి, మామిడికుదురు నుంచి వాళ్ళ పిల్లలు తలకి నూనె రాసుకుని, పౌడరు అద్దుకుని, ముసలివాళ్ళ వేలు పట్టుకుని వచ్చేవారు. తెరమీద అమ్మ కనపడేది. ఇప్పుడు అరచేతిలో కనపడుతోంది గాని, ఆ రోజుల్లో అమ్మ కనపడాలంటే బస్సెక్కి అమలాపురం రావాలి.

ఊళ్ళో ఆవిడకి ఒక చెడ్డపేరుండేది, కర్టెన్ పక్కన నిలబడి జనాల మాటలు వింటారని. నిజమే, వినేవారు. ఎందుకు వింటారో నాకు ఆవిడ కూతురి వల్ల తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం కూతురు క్యారేజీ పట్టుకుని వచ్చింది. రెండు జడలు, బడి యూనిఫాం, మొహమంతా చెమట. "ఇదిగోండి, కేరేజీ తెచ్చేనండి" అంది తల్లితో.

"నువ్వు తిన్నావామ్మా?" అన్నారీవిడ.

"ఆయ్, తిన్నానండి."

"ఇంత ఎండలో ఎందుకొచ్చేవు? సాయంత్రం నేనే వచ్చేదాన్ని కదా."

"పర్లేదండి."

నేను ముచ్చటపడిపోయాను. మా వైపు పిల్లలు తల్లిని ఎలా పిలుస్తారో తెలిసినవాణ్ణి. "అక్కగారూ, పిల్లని ఎంత మర్యాదగా పెంచారండీ! కన్నతల్లిని కూడా అండీ అంటోంది" అన్నాను. ఆవిడ క్యారేజీ గిన్నెలు విప్పుతూ అటు తిరిగిపోయారు.

ఈలోగా వాళ్ళ అమ్మమ్మ గొడుగేసుకుని ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది. పిల్ల గొడుగు మరిచిపోయి వచ్చిందట. ఆ పిల్ల గయ్యిమంది. "నువ్వెందుకొచ్చేవే ముసలీ? కాళ్ళు నొప్పులని పొద్దున్నంతా మూలిగి, ఇప్పుడు ఎండలో తగులుకున్నావా? నీకు బుద్ధెప్పుడొస్తాదే?" అని, గొడుగు లాక్కుని, ముసలావిడ నడుం చుట్టూ చెయ్యేసి, కుర్చీలో కూలేసి, తన యూనిఫాం అంచుతో ఆవిడ మెడ తుడిచింది.

ఇద్దరూ వెళ్ళాక అక్కగారు అన్నారు: "విన్నారా తమ్ముడుగారూ. అదండీ మర్యాదంటే."

తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఆవిడ కువైట్‌లో ఉన్నప్పుడు ఎప్పుడో ఒకసారి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవారట. ఫోనంటే పెద్ద విషయం కదా, ముసలావిడ పిల్లకి ముందే నేర్పి తీసుకెళ్ళేదట. "ఫోన్లో మర్యాదగా మాట్లాడాలమ్మా, బాగున్నారా అండీ అనాలి, ఆయ్ అండీ అనాలి" అని. పిల్ల అలాగే మాట్లాడింది. ఏళ్ళు గడిచాయి. "నేను ఫోన్ పెట్టేసి ఇంటికొచ్చేసేనండి. అది మాత్రం ఇంకా నాతో ఫోన్లోనే మాట్లాడతందండి" అన్నారు.

అదీ ఆవిడ కర్టెన్ పక్కన నిలబడి వినేది. ఎవరి సంసారమూ ఆవిడకి అక్కర్లేదు. పిల్లలు తెరమీది తల్లిని నువ్వు అంటున్నారా, మీరు అంటున్నారా, అంతే. పిల్ల నువ్వు అంటే ఆవిడ మొహం విచ్చుకునేది. ఏ పిల్లయినా అండీ అంటే టైం అయిపోయినా మిషను కట్టేసేవారు కాదు. "ఇంకాసేపు కూర్చోండి, ఎవరూ లేరుగా" అనేవారు, బయట జనం బెంచీ మీద వరస కట్టి ఉన్నా సరే. తన పిల్ల దగ్గర జారిపోయింది ఇంకో పిల్ల దగ్గర జారిపోకూడదని ఆవిడ తాపత్రయం. అలాగని తన పిల్ల మీద ఆశ వదులుకున్నారనుకోవద్దు. ఎప్పటికైనా ఒక్కసారి, ఎవరూ చెప్పకుండా, అది తనని నువ్వు అనాలి. ఆవిడ రోజూ లేచి ఆ షట్టరు ఎత్తింది ఆ ఆశతోనేనని నాకు అనిపిస్తుంది.

అలాంటి మిషనుకి వేడి జబ్బు పట్టుకుంది. ఆవిడ కొట్టు పక్కనే పీచు షెడ్డు. కొబ్బరిపీచు దులుపుతుంటే లేచే ఎర్రటి ధూళి కిటికీలోంచి వచ్చి ఎక్కడెక్కడి సందుల్లోనో దూరేది. కంప్యూటర్‌కి బుర్రలాంటిది ప్రాసెసరు. దాని వేడి లాగడానికి పైన ఒక అల్యూమినియం దిమ్మ, దానిమీద చిన్న ఫ్యాను ఉంటాయి. ఆ దిమ్మ రేకుల మధ్య ఈ పీచు ధూళి పరుపులా పేరుకునేది. నేను బ్రష్షుతో దులిపి వచ్చిన వారానికే మళ్ళీ మామూలే. వేడెక్కి, మాటల మధ్యలో మిషను టక్కున ఆగిపోయేది. ఒకసారి ఒక పసిది నల్లబడిన తెరవంక చూసి, "అమ్మమ్మా, అమ్మ ఆరిపోయింది" అని గొల్లుమంది. ఆ రాత్రి అక్కగారు అన్నం తినలేదని మర్నాడు ముసలావిడ చెప్పింది.

దిమ్మకీ ప్రాసెసర్‌కీ మధ్య తెల్లటి పేస్టు రాస్తాం. ఆ పేస్టెందుకండీ అని అడిగితే, నేను ఆవిడకి తెలిసేలా చెబుదామని "చలవ చేస్తుందక్కగారూ" అన్నాను. తర్వాత సెలవులకి మా ఊరు వెళ్ళాను. తిరిగొచ్చి డబ్బా విప్పితే లోపల గారెలు వేసిన ఇంటి వాసన. పేస్టు ఎండిపోయిందని ఆవిడ స్వయంగా దిమ్మ ఊడదీసి, అడుగున కొబ్బరినూనె రాసి పెట్టారు. బోర్డంతా జిడ్డు.

"ఇదేం పనక్కగారూ!" అని మా పల్నాటి గొంతుతో అరిచాను.

"చలవన్నారు కదండీ. మాకు చలవంటే కొబ్బరినూనేనండి. మంచిదే రాసేనండి, గానుగది" అన్నారు.

కోపంతో మొదలుపెట్టి నవ్వుతో ఆగాను. ఆవిడా నవ్వారు. ఆ సందట్లోనే, "దీన్ని మదర్‌బోర్డని ఎందుకంటారండీ?" అని అడిగారు. మిగతావన్నీ దీన్ని పట్టుకునే ఉంటాయి కాబట్టి అన్నాను. "అదృష్టవంతురాలండి" అన్నారు, స్పిరిట్‌లో ముంచిన దూదితో దాన్ని తుడుస్తూ.

ఆ నూనె తుడిచి మళ్ళీ బిగిస్తుంటే, వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్ ఫ్రేము కొక్కెం ఒకటి విరిగిపోయింది. దిమ్మని పట్టి ఉంచేది ఆ కొక్కేలే. అలాంటి ఫ్రేము అమలాపురంలో లేదు, రాజమండ్రిలోనూ దొరకలేదు. తీగతో కట్టి ఎలాగో నడిపిస్తున్నాం. అప్పుడు ఆవిడ కువైట్‌లో కారు తోలే మామిడికుదురు అబ్బాయి ఒకతన్ని కెమెరా ముందు పట్టుకున్నారు. అతను వాళ్ళ ఇంటివాళ్ళతో మాట్లాడటం అయ్యాక, నన్ను కూర్చోబెట్టి చెప్పించారు. "విడిగా అమ్మే కూలరు కావాలి, నాలుగు కన్నాల బోర్డుకి" అన్నాను. "ఆయ్" అన్నాడు. "మరీ పెద్దది వద్దు, పక్కన డబ్బీల్లా నిలబడ్డ కెపాసిటర్లు అడ్డొస్తాయి" అన్నాను. "ఆయ్" అన్నాడు. అప్పటికే ఆ మాట అర్థం నాకు తెలిసి ఉండాల్సింది.

ఆ వేసవిలో అతను దుప్పట్లకీ పాలపొడి డబ్బాలకీ మధ్య పెట్టి ఒక రాగి పర్వతం తెచ్చాడు. ఎత్తితే చెయ్యి దిగింది. "బాబూ, ఇది కంప్యూటర్‌కా, లారీకా?" అన్నాను. "అక్కగారికని పెద్దదే తెచ్చేనండి" అన్నాడు చేతులు కట్టుకుని. అక్కగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని, వెనకనుంచీ ముందునుంచీ చూసి, "ఇంక మన మిషను చల్లగా ఉంటాదండి" అన్నారు. ఆ మొహం చూశాక డబ్బాలో పట్టదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

గురువారం మధ్యాహ్నం షట్టరు సగం దించి మొదలుపెట్టాం. మర్నాడు శుక్రవారం, జనం వస్తారు. పాత ఫ్రేము పీకాలి, బోర్డు మొత్తం డబ్బాలోంచి బయటికి తియ్యాలి, కొత్తదానికి బోర్డు వెనకనుంచి ఒక ఇనప పలక పెట్టి, నాలుగు కన్నాల్లోంచి మరలు పైకి పంపాలి, వాటిమీద స్ప్రింగులు, స్ప్రింగుల మీద బిళ్ళలు. మొదట పెట్టిన వైపు రేకులు కెపాసిటర్లకి తగిలాయి. తిప్పి పెట్టాం. ఇటు విద్యుత్ తీగ అడ్డొచ్చింది. దాన్ని వంచి మళ్ళీ పెట్టాం. ఒక మూల బిగిస్తే ఎదురుమూల లేచిపోతోంది. పలక కిందికి జారిపోతోంది. బయట ఉక్క, పైన ఫ్యాను లేదు, కరెంటు పోయింది.

ఇది ఇద్దరి పని కాదని తేలాక, వేసవి సెలవులకి కొట్లోనే కూర్చుని బొమ్మలు గీసుకుంటున్న కూతుర్ని పిలిచాం. బోర్డుని సగం బల్ల బయటికి జరిపి, నేను బల్ల అంచుకింద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో కిందనుంచి పలక పట్టుకోవాలి. అక్కగారు పైనుంచి దిమ్మని బలంగా నొక్కిపట్టాలి. పిల్ల మరలు బిగించాలి. "మధ్యలో ఎవరూ వదలకూడదు. వదిలితే దిమ్మ ఒరిగి బోర్డుని గీరేస్తుంది, ఇక బోర్డు పోయినట్టే" అని నేను హెచ్చరించాను.

"ఆయ్" అన్నారు తల్లీకూతుళ్ళిద్దరూ ఒకేసారి.

మొదటి మర పట్టింది. ఎదురుమూలది తిప్పుతుంటే పిల్ల చేతిలో స్క్రూడ్రైవర్ జారింది. దిమ్మ ఒక పక్కకి ఒరిగింది. అక్కగారు దాన్ని పడిపోనివ్వకుండా అరచేత్తో అదిమారు. రాగిరేకు అంచు చేతిలోకి దిగింది. రక్తం మణికట్టు దాకా వచ్చి బల్లమీద పడుతోంది. ఆవిడ వదల్లేదు. పళ్ళు బిగించి ఇంకా నొక్కుతున్నారు.

పిల్ల కెవ్వుమంది. "వదులు! వదలవే అమ్మా! రక్తం కారతంటే కనపడట్లేదా? నీకేవన్నా మతి పోయిందా?"

కింద మోకాళ్ళ మీద ఉన్న నాకు అక్కగారి మొహం స్పష్టంగా కనిపించింది. నొప్పి అంతా ఎటో పోయింది. తలెత్తి కూతురివంక చూశారు. చెవిన పడింది నిజమో కాదో తెలియనివాళ్ళు చూసే చూపు అది. బొంగురుగా అడిగారు:

"ఏవన్నావ్?"

మళ్ళీ వినాలని అడిగారు. అంతే. నాకు తెలుసు, ఎందుకంటే నేను మొహం చూస్తున్నాను. కానీ తెలుగింట్లో పెద్దవాళ్ళు పిల్లల్ని "ఏమన్నావ్?" అని అడిగితే దానికి ఒకటే అర్థం. మా ఊళ్ళోనైనా, అమలాపురంలోనైనా. ఆ తర్వాత వచ్చేది చెంపదెబ్బే. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. స్క్రూడ్రైవర్ రెండు చేతులతో పట్టుకుని వెనక్కి జరిగింది.

"తప్పయిపోయిందండి. ఇంకెప్పుడూ అననండి" అంది.

"అది కాదమ్మా..."

"ఆయ్. అననండి."

పిల్ల ముందుకొచ్చి, తలొంచుకుని, మిగతా మరలన్నీ బిగించింది. ఈసారి ఒక్కటీ జారనివ్వలేదు. చివరి మర అయ్యాక, అక్కగారు అలవాటుగా అనే "ఖలాస్" అనలేదు.

తర్వాత నేను చేతికి పసుపు అద్ది గుడ్డ కడుతుంటే అన్నారు: "నోరు మూసుకోవలసిందండి తమ్ముడుగారూ. చెవిలో పడింది చాలనుకోవలసింది. ఆశకొద్దీ ఒక్క మాట ఎక్కువ అడిగేను."

"నేను చెబుతానక్కగారూ పిల్లకి. మీరు తిట్టలేదని, అలా పిలిస్తేనే మీకిష్టమని" అన్నాను.

"వద్దండి. చెప్పి అనిపించుకుంటే అది నువ్వు కాదండి. అదీ మీరేనండి. నా మీద ఒట్టు, చెప్పకండి."

మర్నాటి శుక్రవారం మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ రాగి పర్వతం వల్ల డబ్బా మూత పట్టకపోతే, పక్కన దోమతెర గుడ్డ కట్టేశారు. పీచు ధూళి దానిమీదే ఆగిపోయేది. లోపల ఎవరి బిడ్డో "నువ్వెప్పుడొస్తావే, నువ్వు రాకపోతే నేను బడికెళ్ళను" అని తెరమీది తల్లిని దబాయిస్తోంది. అక్కగారు కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని, కర్టెన్ పక్కన గోడకి చేరబడి వింటున్నారు. ఆవిడ అంత కష్టపడి కొనుక్కున్న చలవ ఊళ్ళోవాళ్ళందరికీ దక్కింది.

అప్పట్నుంచి ఆవిడ కొన్ని పిచ్చిపనులు చేసేవారు. కూతురు వచ్చే వేళకి కాలు ఊగే స్టూలెక్కి బల్బు మార్చేవారు. గొడుగు చేతిలో పెట్టుకుని ఎండలో నడిచేవారు. జ్వరమొస్తే మాత్ర వేసుకోలేదని పిల్లకి వినపడేలా చెప్పేవారు. ఒక్క తిట్టు కోసం. ఆ పిల్ల స్టూలు గట్టిగా పట్టుకుని, "దిగండి, పడిపోతారండి" అనేది. మాత్ర చేతిలో పెట్టి, "వేసుకోండి" అనేది. తల్లంటే దానికి ప్రేమ లేక కాదు. అది రాత్రిళ్ళు తల్లి చీర అంచు పట్టుకుని పడుకునేదని అమ్మమ్మ చెప్పేది. ప్రేమంతా ఉంది, దారే లేదు. ఆ రోజు ఒకసారి తెరుచుకున్న దారిని తల్లే మూసేసిందనుకుంది పాపం పసిది.

నేను విజయవాడ మారిపోయాను. సెల్‌ఫోన్లు వచ్చి ఇంటర్నెట్ సెంటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ముసలావిడ పోయినప్పుడు అక్కగారు నాకు ఫోన్ చేసి, మాటల మధ్యలో అన్నారు. "మా పిల్ల శవం మీద పడి, నువ్వెళ్ళిపోతే నాకెవరున్నారే అని ఏడిచిందండి. నేను పక్కనే ఉన్నానండి తమ్ముడుగారూ."

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడా పోయారని కబురొచ్చింది. మూత్రపిండాలు పాడయ్యాయట, చివర్లో కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారట. నాకు తెలిసేసరికి దినాలు వచ్చాయి. వెళ్ళాను. పిల్ల డిగ్రీ చదువుతోంది. తల్లి పోలికే, తల్లిలాగే గోడకి భుజం ఆనించి నిలబడింది. భోజనాలయ్యాక చుట్టాలు సర్దుకుంటుంటే నా దగ్గరికి వచ్చి, "మాస్టారండీ, ఆ రాగి ఫ్యాను బిగించిన రోజు గుర్తుందాండీ?" అంది.

ఒట్టు పెట్టించుకున్న మనిషి లేరు. చెప్పేశాను. "ఆ రోజు మీ అమ్మ నిన్ను తిట్టలేదమ్మా. నువ్వన్న మాట మళ్ళీ వినాలని అడిగింది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పెద్దయ్యాక నాకు తెలిసిందండి, ఆవిడ దేనికోసం చూసేవారో. నోరు తిరిగేది కాదండి. గదిలో ఒక్కదాన్నీ కూర్చుని అనుకుని చూసుకునేదాన్నండి, నువ్వు, నువ్వు అని. ఆవిడ ఎదరకి రాగానే అండీయే వచ్చేసేది."

"ఎప్పుడూ అనలేదా మరి?"

"అన్నానండి. ఆసుపత్రిలో. మధ్యాహ్నం పూటండి. చేతికి సూది ఉండగా ఆవిడ లేచిపోబోయేరు. నేను రెండు భుజాలూ పట్టుకుని, 'నువ్వు లేవకే అమ్మా, నా మాట విను, పడుకో' అన్నానండి. దానంతటదే వచ్చేసిందండి."

"విన్నారా ఆవిడ?"

"విన్నారండి. నా మొహంలోకి చూసేరు కూడానండి. అప్పటికే మనుషుల్ని పోల్చుకోలేకపోతన్నారు. నన్ను నర్సమ్మనుకున్నారండి." పిల్ల పమిటతో మూతి అదుముకుని, మళ్ళీ తనే చెప్పింది. "'ఆయ్, అలాగేనండి' అన్నారండి. అని, పడుకున్నారండి."